పాత కారుకి రేటు కట్టించే ముందు రంగు వేయించకండి

(ఒడిశాలోని బరంపురంలో తెలుగువాళ్ళ సమావేశంలో ఒక మోటార్ సర్వేయర్ మాట్లాడినది. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నాను, ఇవాళ నేను ఎవరి కారుకీ రేటు చెప్పను. మీటింగ్ అయ్యాక ఫోన్ తీసి రెండు ఫొటోలు చూపించి, సార్ ఇది మా తాతగారి కారు ఎంతొస్తుందీ అని అడిగితే నవ్వేసి ఊరుకుంటాను తప్ప నోరు విప్పను, ఎందుకంటే ఫొటోలో కారు కింద భాగం కనపడదు, కాయితాలు కనపడవు, రేటేమో ఆ రెండిట్లోనే ఉంటుంది. రేటు ఎలా కడతారు, కట్టించే ముందు మీరు ఏం చెయ్యకూడదు, ఆ రెండూ చెప్తాను.

నేను ఇన్సూరెన్స్ సర్వేయర్ని. యాక్సిడెంట్ అయిన బండి దగ్గరికెళ్ళి ఏది విరిగింది, ఏది ముందే విరిగుంది అని తేల్చే పని. మా పనిలో ఒక టేబుల్ ఉంటుంది, బండి వయసుని బట్టి విలువ తగ్గించడానికి. ఆర్నెల్ల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళకి 20, మూడుకి 30, నాలుగుకి 40, ఐదుకి 50. అంతే, అక్కడితో టేబుల్ అయిపోయింది. ఐదేళ్ళు దాటితే కంపెనీ, ఓనరు కూర్చుని ఒప్పుకున్న రేటే రేటు. మరి అరవై ఏళ్ళ బండి సంగతి? ఏ టేబులూ లేదు. అందుకే పాత కారు విషయంలో ఎవడికి నచ్చిన అంకె వాడు చెప్తాడు, పాతసామాన్లవాడు కేజీల్లెక్కన చెప్తాడు, ఇంట్లో అబ్బాయి నెట్‌లో చూసి కోటి అంటాడు.

అసలు వింటేజ్ అంటే ఎన్నేళ్ళు అని అడుగుతారు. 2021లో కేంద్రం మోటార్ వాహనాల రూల్స్ మార్చింది, దాని ప్రకారం 50 ఏళ్ళు దాటిన టూవీలర్ గానీ కారు గానీ, ఒరిజినల్ రూపంలోనే ఉంటే, ఛాసిస్ అంటే బండిని కింద మోసే చట్రం, అదీ, బాడీ, ఇంజనూ పెద్దగా మార్చకుండా ఉంటే వింటేజ్. పాత ఇన్సూరెన్స్ టారిఫ్‌లో చూస్తేనేమో 1940 డిసెంబర్ ఆఖరు లోపు తయారైనదై ఉండాలి, వింటేజ్ కార్ల క్లబ్బు సర్టిఫికెట్ కావాలి. ఏ కాయితం కోసం వెళ్తున్నారో ఆ కాయితం లెక్క చూస్కోండి, దీని గురించి గొడవ పడక్కర్లేదు. నేను చెప్పేది మన ఇళ్ళల్లో ఉండే బళ్ళ గురించి, అంటే అంబాసిడర్లు, దానికి ముందొచ్చిన లాండ్‌మాస్టర్లు, ఫియట్ 1100లు, స్టాండర్డ్ హెరాల్డ్‌లు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగిలిపోయిన జీపులు. రోల్స్ రాయిస్ ఉన్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే వాళ్ళకి నా అవసరం లేదు.

ఇప్పుడు అసలు విషయం. రిపేరు చేయించని పాత కారుకి ఒక లెక్క కాదు, రెండు లెక్కలుంటాయి.

మొదటి లెక్క అందరికీ తెలిసిందే. మీ దగ్గర ఒక ఫియట్ ఉంది. అదే మోడల్ పూర్తిగా చేయించిన బండి 8 లక్షలకి చేతులు మారిందనుకుందాం, ఊరికే లెక్క కోసం అంటున్నాను, రేపు నా పేరు చెప్పి ఎవరినీ 8 అడక్కండి. మీ బండి ఆ స్థితికి రావడానికి టింకరింగు, పెయింటు, ఇంజను, సీట్లు, క్రోమ్ అన్నీ కలిపి 6 లక్షలని గ్యారేజీవాళ్ళు ఎస్టిమేట్ ఇచ్చారు. అయితే మీ బండి 2 లక్షలన్నమాట అనుకుంటారు. కాదండీ. పాత రంగు గీకాక లోపల ఎంత తుప్పు బయటపడుతుందో గీకేదాకా ఏ మేస్త్రీకీ తెలీదు, ఆ 6 కాస్తా 7 దాటుద్ది, పార్టులు దొరక్క బండి ఏడాది రెండేళ్ళు షెడ్డులోనే ఉండిపోద్ది, అంతకాలం డబ్బు అందులో ఇరుక్కుంటుంది. కొనేవాడు తెలివైనవాడైతే ఆ రిస్కుకి కూడా కోత వేసుకునే మాట్లాడతాడు. అప్పుడు మీ బండి 50 వేలో, అదీ లేదో. ఈ లెక్కలో చాలా అంబాసిడర్లు ఇనుము రేటుకి కొంచెం పైన ఆగిపోతాయి, బాధగానే ఉంటుంది వినడానికి.

రెండో లెక్క వేరే. కొంతమంది కొనేవాళ్ళకి చేయించిన బండి వద్దు. ఫ్యాక్టరీలో వేసిన రంగు, ఫ్యాక్టరీలో కుట్టిన సీటు, అప్పుడు బిగించిన బోల్టు, అవి అలాగే ఉన్న బండి కావాలి వాళ్ళకి. చేయించిన బండి డబ్బుంటే ఎన్నైనా తయారవుతుంది, ముట్టుకోని బండి కొత్తగా ఒక్కటి కూడా తయారవదు కదా, ఉన్నవి తగ్గడమే గానీ పెరగడం లేదు. మనూరి పట్టుచీరనే తీసుకోండి, అమ్మమ్మ పెళ్ళిచీరకి కొత్త రంగు అద్దించి, జరీ మార్పించి తీసుకొస్తే అది అమ్మమ్మ చీర అని ఎవరు కొంటారు?

ఈ రెండు లెక్కల్లో ఏది ఎక్కువ వస్తే అదే మీ బండి రేటు. మనవాళ్ళు చేసే పని ఏటంటే, అమ్ముదామని నిర్ణయించుకోగానే వెంటనే బండిని షెడ్డుకి తోలి పుట్టీ పెట్టించి, మెటాలిక్ ఎరుపు కొట్టించి, సీట్లకి కొత్త రెగ్జిన్ వేయించి, అప్పుడు ఫొటోలు పెడతారు. అంటే రెండో లెక్కని చేతులారా చంపేసి, మొదటి లెక్కలో కూడా సగం పని చేసిన బండిగా నిలబడతారు. కోల్‌కతా నుంచి, వైజాగ్ నుంచి వచ్చి చూసినవాడు ఆ కొత్త రంగు మళ్ళీ గీకించడానికి ఎంతవుద్దో కూడా కట్ చేస్తాడు. మీరు పెట్టిన డబ్బు మీకు మైనస్ అయి తిరిగొస్తుంది.

విదేశాల్లో దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. ఫ్రాన్స్‌లో రోజర్ బయ్యోన్ అని ఒక ట్రాన్స్‌పోర్ట్ వ్యాపారి కార్లు కొని కొని పెట్టాడు, తర్వాత వ్యాపారం దెబ్బతింది, కార్లు పల్లెటూళ్ళో షెడ్డుల కింద దశాబ్దాల తరబడి ఉండిపోయాయి. 2014లో బయటపడ్డాయి, 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో వేలం వేశారు. దుమ్ము కూడా దులపకుండా అలాగే పెట్టారు. అందులో 1961 నాటి ఫెరారీ ఒకటి, ఒకప్పుడు ఆలెన్ డెలాన్ అనే సినిమా నటుడిది, దాని మీద పాత పత్రికల కట్టలు పడేసి ఉన్నాయట, అది 1 కోటి 60 లక్షల యూరోలు దాటి పోయింది. అయితే ఇది విని ఇంటికెళ్ళి మీ ప్రీమియర్ పద్మిని కారు మీద పేపర్లు పేర్చకండి. అక్కడ కారే చాలా అరుదు, ఓనరు పేరు పెద్దది. మన పద్మినీలు, అంబాసిడర్లు లెక్కలేనన్ని తయారయ్యాయి, అంబాసిడర్ అయితే 2014 దాకా కోల్‌కతా దగ్గర ఉత్తరపారా ఫ్యాక్టరీలో వస్తూనే ఉంది. మనకి ఆ ఉదాహరణలో పనికొచ్చేది ఒక్కటే, దుమ్ము ఉన్నందుకు ఎవరూ రేటు తగ్గించలేదు.

అలాగని పాడుపడ్డ ప్రతి బండీ ముట్టుకోని బండి అయిపోదు. తేడా ఎలా తెలుస్తుందో ఒక బండి మీద చూపిస్తాను. పర్లాకిమిడిలో ఒకరింటి వెనక షెడ్డులో అంబాసిడర్ చూశాను, మార్క్ వన్, అంటే మొట్టమొదటి మోడల్. బయటికి తెల్లగా ఉంది, అది కూడా బ్రష్‌తో వేసినట్టు గీతలు కనపడుతున్నాయి. డోర్ చుట్టూ ఉండే రబ్బరు వేలితో కొంచెం లాగితే లోపల బూడిద రంగు. గ్లవ్ బాక్స్ మూత తీసి టార్చి వేస్తే అక్కడా అదే బూడిద రంగు, డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూస్తే అదే. అంటే ఫ్యాక్టరీ రంగు అది, తెలుపు తర్వాత ఎవరో కొట్టించారు. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం నా జేబులో ఎప్పుడూ ఉంటుంది, బాడీ మీద జరుపుకుంటూ వెళ్తే ఎడమ వైపు ముందు మడ్‌గార్డ్ కింద జారి పడిపోయింది, అక్కడ రేకు లేదు, పుట్టీయే. మిగతా చోట్ల పట్టుకుంది. స్టీరింగ్ పక్కన గేర్ రాడ్డు అలాగే ఉంది, ముందు సీటు పొడుగుది, చిరిగింది గానీ ఒరిజినల్. అప్పటిదాకా బాగానే ఉంది కదేటి అనుకుని బానెట్ ఎత్తితే లోపల డీజిల్ ఇంజను.

ఇది మన వైపు మామూలే. పెట్రోల్ రేటు తట్టుకోలేక ఆ రోజుల్లో సగం మంది 1489 సీసీ పెట్రోల్ ఇంజను దింపేసి డీజిల్ పెట్టించుకున్నారు. తప్పు పట్టలేం, అది వాళ్ళకి బతుకుతెరువు బండి. కానీ విలువ కట్టేటప్పుడు ఆ బండి రెండో లెక్కలోంచి బయటికి పోయినట్టే, వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి కూడా ఇంజను మార్పు అడ్డొస్తుంది. నేను అదే మాట చెప్పాను. అప్పుడు ఆ ఇంటి పెద్దావిడ, పాత ఇంజను ఉంది కదా బాబూ, మొన్న పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామనుకున్నాం అంది. షెడ్డు మూల బియ్యం బస్తాల వెనక, గోనెపట్టా కప్పి ఉంది. తుడిచి నంబరు చూస్తే పాత ఆర్సీ బుక్కులో నంబరే. ఆ ఇనుప ముద్ద తిరుగుతుందో తిరగదో కూడా మాకు తెలీదు అప్పటికి, అయినా కారు రేటు అక్కడికక్కడ మారిపోయింది. అమ్మా, దీన్ని కారుతో పాటే ఉంచండి, విడిగా అమ్మకండి అని చెప్పి వచ్చాను.

సరే, తుప్పు గురించి కొంచెం ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే మన గంజాం జిల్లాలో రేటుని తినేది అదే. అంబాసిడర్‌కి, పాత ఫియట్‌కి జీపులాగ విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. డోర్ల కింద పొడుగ్గా ఉండే పెట్టె లాంటి భాగం, ఫ్లోరు, జాకీ పెట్టే చోటు, ఇవి తుప్పు పట్టాయంటే బండి నడుమే విరిగిందని అర్థం. మడ్‌గార్డ్ తుప్పు చూసి భయపడక్కర్లేదు, అది విప్పి మార్చొచ్చు. రబ్బరు మ్యాట్ ఎత్తి స్క్రూ డ్రైవర్ పిడితో ఫ్లోరు మీద తట్టండి, గట్టిగా మోగాలి, మెత్తగా మొద్దుగా వినిపిస్తే అక్కడ రేకు పోయింది. హెరాల్డ్ వేరే కథ, దానికి విడిగా ఛాసిస్ ఉంది, బాడీ ముక్కలు బోల్టులతో బిగించి ఉంటాయి, ముందు బానెట్టూ మడ్‌గార్డులూ కలిపి ఒకే ముక్కగా ముందుకి లేస్తాయి. బాడీ ఎంత ఘోరంగా ఉన్నా ఛాసిస్ నిలబడితే హెరాల్డ్‌కి ఆశ ఉంటుంది. యుద్ధానికి ముందు కార్లు చాలావాటికి రేకు లోపల చెక్క ఫ్రేము ఉంటుంది, మన వాతావరణంలో వాటికి తుప్పు కంటే చెదలే ప్రమాదం, డోరు తెరిచి పైకి ఎత్తి చూడండి, వదులుగా ఊగితే చెక్క పోయిందన్నమాట.

గోపాలపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు బండి అయితే ఉప్పుగాలి ఉంటుంది, లోపల్నించి తింటుంది, పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. రాయగడ, కోరాపుట్ వైపు బళ్ళకి వాన దెబ్బ ఎక్కువే గానీ ఉప్పు ఉండదు, అందుకే అదే మోడల్ అదే ఏడు అయినా కొండ మీది బండి కింద భాగం బాగుంటుంది చాలాసార్లు. ఇంకొకటి అడగాలి, 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు ఈ బండి ఎక్కడుంది? 2018లో తిత్లీ తుఫానుకి గజపతి జిల్లాలో వరదలొచ్చాయి, అప్పుడు ఎక్కడుంది? ఓనరు గుర్తులేదంటాడు. గుర్తుండక్కర్లేదు, హెడ్‌లైట్ రిమ్ విప్పి వెనక గిన్నెలో చూడండి, డోర్ పేనల్ తీసి అడుగున చూడండి, సన్నటి ఒండ్రు మట్టి గట్టిపడి ఉంటే బండి మునిగింది. మీటర్లు, వైరింగు, సీటు స్ప్రింగులు అన్నీ లెక్కలోంచి తీసేయాల్సిందే.

ఇంజను సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ దానికే ఎక్కువ భయపడతారు, నా దృష్టిలో అది చిన్న విషయం. ఇంజను పట్టేసిందా, పర్లేదు, రీబోరింగ్, పిస్టన్లు, రింగులు, క్రాంక్ గ్రైండింగ్, ఇవన్నీ చేసే లేత్ షాపులు బరంపురంలోనే ఉన్నాయి, ఎంతవుద్దో ముందే అంచనా వేయొచ్చు. అంచనాకి దొరికే ఖర్చు ఎప్పుడూ ప్రమాదం కాదు. ఒక్కటే చెప్తాను, ఏళ్ళ తరబడి ఆగిపోయిన బండికి కొనేవాడు వస్తున్నాడు కదా అని కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టకండి. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి, తెల్లగా మజ్జిగలా ఉంటే నీళ్ళు కలిసాయి. ప్లగ్గులు తీసి లోపల కొంచెం ఆయిలు, డీజిలు పోసి రెండు మూడ్రోజులు వదిలేసి, తర్వాత హ్యాండిల్‌తో చేత్తో మెల్లగా తిప్పండి. తిరిగితే అక్కడితో ఆపేయండి, ఇంజను తిరుగుతుంది అని చెప్పగలిగితే చాలు, స్టార్ట్ అవ్వాల్సిన పన్లేదు.

ఇంజను కంటే రేటు తగ్గించేవి లేని పార్టులు. విరిగింది ఉంటే దాన్ని చూసి ఇంకోటి చేయించొచ్చు, అసలు లేనిది ఏం చూసి చేస్తాడు మేస్త్రీ? మోనోగ్రాములు, హబ్‌క్యాపులు, బీడింగు, డోర్ హ్యాండిల్స్, అద్దాలు, హెరాల్డ్ లాంటి వాటికి ఇవి దొరకడమే కష్టం. షెడ్డులో బండి చుట్టూ ఉన్న డబ్బాలు, గోనెసంచులు అన్నీ వెతకండి, దీపావళికి ఇల్లు సర్దినప్పుడు పారేయకండి. లూకాస్ డైనమోల మీద, డిస్ట్రిబ్యూటర్ల మీద ఎప్పుడు తయారైందో అంకెలు గుద్ది ఉంటాయి, అవి బండి ఏడుతో కుదిరితే ఆ పార్టు పుట్టినప్పట్నుంచీ ఉందని నమ్మొచ్చు. యుద్ధకాలం జీపుల్లో ఇంకా సరదాగా ఉంటుంది. విల్లీస్ వాడూ ఫోర్డ్ వాడూ ఒకే డిజైన్‌తో చేశారు, ఫోర్డ్ వాడు తన బోల్టుల తలల మీద కూడా ఎఫ్ అక్షరం వేసుకున్నాడు, ముందు అడ్డకమ్మీ విల్లీస్‌కి గుండ్రటి గొట్టం, ఫోర్డ్‌కి తిరగేసిన డొప్పలా ఉంటుంది. మన దగ్గర జీపులు చాలావరకు రెండూ కలిసిపోయినవే, పైన మహీంద్రా బానెట్, కింద ఫోర్డ్ ఛాసిస్, ఆర్సీ బుక్కులో విల్లీస్. నడపడానికి బాగానే ఉంటాయి, పాత బళ్ళు సేకరించేవాళ్ళు ఇచ్చే రేటు మాత్రం అడక్కండి.

ఇంక కాయితాలు. ఇది నేను మొదటే చెప్పాల్సింది, కానీ మొదటే చెప్తే సగం మంది లేచి వెళ్ళిపోతారు. ఆర్సీ బుక్కు తాతగారి పేరున ఉంది, తాతగారు పోయారు, నాన్నగారి పేరుకి ఎప్పుడూ మార్చలేదు, నలుగురు అన్నదమ్ములు, ఒకాయన విశాఖలో, ఒకాయన భిలాయిలో. ముందు వారసుల సంతకాలు, లీగల్ హెయిర్ సర్టిఫికెట్, ఫారం 31 పెట్టి ఇంట్లో ఒకరి పేరుకి తెచ్చుకోండి, అప్పుడు అమ్మకానికి ఫారం 29, 30. పాత పుస్తకం రికార్డు చాలావాటికి కంప్యూటర్‌లోకి ఎక్కలేదు, ఆర్టీఓ ఆఫీసులో పాత రిజిస్టర్ వెతికించి ఎక్కించుకోవాలి, ఓపిక కావాలి. రాష్ట్రం మారితే ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాయితం, కావాలి. ఛాసిస్ నంబరు మీద పెన్సిల్ రుద్ది కాయితం మీద అచ్చు తీసి పుస్తకంతో పోల్చండి, ఒక్క అంకె తేడా ఉన్నా కొనేవాడి కంటే ముందు మీకే తెలియాలి. కాయితం లేని బండికి నేను పార్టుల రేటే కడతాను, ఎంత అందంగా ఉన్నా సరే.

ఇంకా ఈ రాజావారి కార్లు. మన ప్రాంతంలో ప్రతి పాత కారూ రాజావారిదే. పర్లాకిమిడి గజపతి వారిది, జయపురం రాజావారిది, ఖళ్ళికోట వారిది, చికిటి వారిది. అన్ని కార్లు నిజంగా వాళ్ళ దగ్గరుంటే కోటల్లో మనుషులకి చోటుండేది కాదు. నిజమైతే మంచిదే, రేటు పెరుగుతుంది, కానీ చూపించాలి. ఆర్సీలో పాత ఓనర్ల పేర్లు వరసగా ఉంటాయి కదా అది చాలు, లేదంటే నంబరు ప్లేటు కనపడే పెళ్ళి ఫొటో, పాత సర్వీసు బిల్లు, యుద్ధం రోజుల పెట్రోల్ రేషన్ కూపన్, ఏదో ఒకటి. నోటిమాట కథకి నేను సున్నా వేస్తాను, ఓనరు ముఖం మాడ్చుకుంటాడు, ఏం చేస్తాం.

రేటు పోల్చుకోవడానికి నెట్ చూడండి, తప్పులేదు, కానీ అక్కడ కనపడేది అడుగుతున్న రేటు. అదే యాడ్ ఏడాది నుంచీ అలాగే ఉందంటే ఆ రేటుకి ఎవరూ కొనలేదనే కదా. చేతులు మారిన డబ్బు ఎంతో కనుక్కోవాలి, పాత కార్ల ర్యాలీలకి వెళ్ళేవాళ్ళని అడగండి, మెకానిక్కులని అడగండి, వాళ్ళకే నిజం తెలుస్తుంది.

ఆఁ, వెనక తమ్ముడు ఏదో అడుగుతున్నాడు. పెళ్ళిళ్ళకి అద్దెకి తిప్పితే ఆ ఆదాయం కూడా రేటులో కలపొచ్చా అని. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే కుదరదు నాయనా. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేలు ఫీజు, నంబరులో వీఏ అని వస్తుంది, పదేళ్ళు ఉంటుంది, కానీ ఆ బండిని ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప రోజూ తిప్పకూడదు, వ్యాపారానికి అసలు తిప్పకూడదు. కాబట్టి పెళ్ళి బేరాలు చూపించి రేటు పెంచితే కొనేవాడు ఆ మాట పట్టుకుంటాడు.

మాస్టారూ, మీరు అడిగింది కడగొచ్చా అని కదా. కడగండి, మామూలు నీళ్ళు, మెత్తటి గుడ్డ. ప్రెషర్ వాష్ వద్దు, పాలిష్ మిషన్ వద్దు, సీట్ల లోపల ఎలకల గూళ్ళుంటే తీసేయండి. టైర్లలో గాలి పట్టించి బండిని కదిలేలా పెట్టండి, నేల మీంచి పైకి ఎత్తి కింద చూసే వీలుండాలి. అంతకు మించి ఒక్క రూపాయి పెట్టకండి. ఒకవేళ అమ్మరు, ఉంచుకుంటారు అనుకోండి, అప్పుడు ఇన్సూరెన్స్ అగ్రీడ్ వాల్యూ మీద, అంటే కంపెనీ, మీరు ముందే ఒప్పుకున్న విలువ మీద తీసుకోండి, వాల్యుయేషన్ సర్టిఫికెట్‌తో పాటు ఆ రోజు తీసిన ఫొటోలు, ఇంజను, ఛాసిస్ నంబర్ల అచ్చులు కంపెనీకి ఇచ్చి రసీదు తీసుకోండి, క్లెయిమ్ రోజున సర్వేయర్ వచ్చి ఈ పార్టు ముందే లేదు కదా అంటే చూపించడానికి.